విక్టోరియా రేవులో సైకిల్ షికారు: ఎనిమిది గంటల్లో చేతికొచ్చేవి రెండే

సియాటిల్‌లో ఎక్కి వారం రోజులు అలాస్కా చుట్టి వచ్చే క్రూజ్ ఓడల్లో చాలావాటికి చివరి మజిలీ విక్టోరియా. ఇది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర రాజధాని. సముద్రం పక్కనే చదునైన సైకిల్ దారి, పాత రైలుమార్గం మీద వేసిన బాట, మధ్యలో పెద్ద పార్కు ఉన్న ఊరు. పిల్లాపాపలతో సైకిల్ మీద తిరగడానికి అలాస్కా దారిలో ఇంతకన్నా అనువైన రేవు దొరకడం కష్టం.

అయితే టికెట్ మీద ‘రాక 2:00, పోక 10:00’ అని ఉన్న ఎనిమిది గంటలను చూసి దారులు ఎంచుకుంటే చిక్కే. ఓడ బయలుదేరే వేళ నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. అలా వేస్తే సైకిల్‌కు మిగిలేది రెండు గంటలు, ఎనిమిది కిలోమీటర్లు. ఆ లెక్క ఎలా వస్తుందో అంకెల్లో చూద్దాం.

ఓడ అక్కడ ఎందుకు ఆగుతుంది?

దీనికి మూలం 1886 నాటి ఒక అమెరికా చట్టం. విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవుల్లో మాత్రమే ఆగుతూ ప్రయాణికులను తిప్పకూడదు, మధ్యలో కనీసం ఒక విదేశీ రేవును తాకాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్‌లో మొదలై సియాటిల్‌లోనే ముగిసే ఓడ ఏదో ఒక కెనడా రేవులో ఆగి తీరాలి. కోవిడ్ కాలంలో కెనడా తన రేవులను క్రూజ్‌లకు మూసేసినప్పుడు, 2021 మేలో అమెరికా ప్రభుత్వం ప్రత్యేక చట్టంతో ఈ నిబంధనను తాత్కాలికంగా సడలించాకే అలాస్కా క్రూజ్‌లు మళ్లీ కదిలాయి.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కొన్ని ఓడలకు విక్టోరియా మజిలీ చట్టం కోసమే. రాత్రి 8 గంటలకు వచ్చి అర్ధరాత్రికి వెళ్లిపోతాయి. మధ్యాహ్నమే వచ్చేవీ ఉన్నాయి. సైకిల్ మీద తిరగాలన్న కోరిక ఉంటే టికెట్ కొనేటప్పుడే చూడవలసిన మొదటి అంకె విక్టోరియాకు చేరే వేళ.

వీసా లెక్క

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉంటే వీసా అక్కర్లేదు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, కార్డు చాలు. హెచ్-1బీ మీద ఉన్నవారికి, అమెరికా చూడటానికి హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం వీసా తప్పదు. రుసుము మనిషికి 100 కెనడా డాలర్లు. వేలిముద్రలు, ఫొటోకు మనిషికి 85, ఒకే కుటుంబంగా కలిసి దరఖాస్తు చేస్తే గరిష్ఠం 170. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు అక్కర్లేదు. ఒకసారి ఇచ్చినవి పదేళ్లు చెల్లుతాయి.

గ్రీన్‌కార్డు లేని భార్యాభర్తలు, అమెరికాలో పుట్టిన ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన తాతయ్య, నాయనమ్మ కలిసి వెళ్తున్నారనుకుందాం. దంపతులకు 200, వేలిముద్రలకు 170, కలిపి 370. పెద్దవాళ్లిద్దరికీ విడిగా మరో 370. మొత్తం 740 కెనడా డాలర్లు. పిల్లలు అమెరికా పౌరులు కాబట్టి వారికి వీసా ఖర్చు లేదు. తిరిగి అమెరికాలో అడుగుపెట్టడానికి అవసరమైన పత్రాలు అందరికీ ఉన్నాయో లేదో కూడా ముందే సరిచూసుకోవాలి. పత్రాలు సరిగా లేకపోతే సియాటిల్‌లోనే ఓడ ఎక్కనివ్వకపోవచ్చు. అందుకే ఈ పని నెలల ముందే మొదలుపెట్టాలి.

ఎనిమిది గంటలు రెండుగా ఎలా మారతాయి?

మధ్యాహ్నం 2కి వచ్చి రాత్రి 10కి కదిలే ఓడను ఉదాహరణగా తీసుకుందాం.

2:00 – ఓడ ఆగ్‌డెన్ పాయింట్ రేవుకు చేరుతుంది.
2:45 – నాలుగు వేల మంది దిగే ఓడలో వరుస దాటి, పిల్లలతో నేల మీద కాలు పెట్టే వేళ.
3:15 – రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇన్నర్ హార్బర్ దగ్గరి అద్దె దుకాణానికి నడక.
3:45 – కాగితాల మీద సంతకాలు, సీట్ల ఎత్తు, హెల్మెట్లు, బ్రేకులు సరిచూసుకోవడం పూర్తి.
5:45 – సైకిళ్లు తిరిగి అప్పగింత.
6:00 నుంచి 8:00 – భోజనం, ఇన్నర్ హార్బర్‌లో షికారు.
8:30 – తిరిగి ఓడ దగ్గర.
9:30 – అందరూ ఓడలో ఉండవలసిన గడువు.

ఇక్కడ సైకిల్‌కు హద్దు గీసింది ఓడ కాదు, దుకాణం షట్టర్. సాయంత్రం 6కి మూసే దుకాణం అనుకుని వేసిన లెక్క ఇది. కాబట్టి ముందుగా బుక్ చేసేటప్పుడు అద్దె ఎంత అని అడగడానికి ముందే ఎన్నింటికి మూస్తారని అడగండి. ఓడలు వచ్చే రోజుల్లో ఎక్కువసేపు తెరిచి ఉంచుతారా, సైకిళ్లు రేవు దగ్గరికే తెచ్చిస్తారా అనీ అడగండి. తెచ్చిస్తే రెండువైపులా నడక తప్పి గంట మిగులుతుంది.

గడియారం విషయంలో ఇంకో జాగ్రత్త. అలాస్కా సమయానికి విక్టోరియా సమయం గంట ముందుంటుంది. అలాస్కా వేళకు పెట్టుకున్న చేతి గడియారాన్ని సరిచేయడం మరిచిపోతే, 8:30కి వచ్చామనుకున్నవారు నిజానికి 9:30కి వచ్చినట్టు. దిగేముందు ఓడలో ప్రకటించే సమయంతో అన్ని గడియారాలూ, ఫోన్లూ కలపండి.

ఎన్ని కిలోమీటర్లు?

పెద్దవాళ్లు తీరిగ్గా తొక్కినా గంటకు 14, 15 కిలోమీటర్లు పోతారు. సొంత సైకిల్ మీద ఎనిమిదేళ్ల పిల్ల 8 నుంచి 10 పోతుంది. కుటుంబం వేగమంటే అందరి వేగానికీ సగటు కాదు, అందరికన్నా వెనకున్నవారి వేగం. గంటకు 8 అని వేసుకోండి.

చేతిలో 120 నిమిషాలు. మంచినీళ్లు, బాత్‌రూమ్, ఫొటోలు, ఐస్‌క్రీమ్‌లకు 40 నిమిషాలు. చైను ఊడినా, దారి తప్పినా పనికొచ్చేలా 15. మిగిలినవి 65 నిమిషాలు. గంటకు 8 చొప్పున దాదాపు 8.7 కిలోమీటర్లు. అంతకు మించిన దారి ఏదైనా ఆ రోజుకు మీది కాదు.

మూడు దారులు, మూడు తీర్పులు

మొదటిది సముద్రపు ఒడ్డు చుట్టు. ఇన్నర్ హార్బర్ నుంచి నీటి మీద తేలే రంగురంగుల ఇళ్లున్న ఫిషర్‌మెన్స్ వార్ఫ్ మీదుగా ఆగ్‌డెన్ పాయింట్‌కు సుమారు 2 కి.మీ. అక్కడి నుంచి డల్లాస్ రోడ్డు వెంట, జలసంధి అవతల అమెరికా వైపు ఒలింపిక్ పర్వతాలను చూస్తూ క్లోవర్ పాయింట్‌కు 3.2 కి.మీ. వెనక్కి ‘మైల్ జీరో’ దాకా 1.5, బీకన్ హిల్ పార్కు పక్కగా దుకాణానికి ఇంకో 1.5. మొత్తం 8.2 కిలోమీటర్లు, 62 నిమిషాలు. లెక్కలో సరిగ్గా ఇమిడింది.

ఈ చుట్టును ఈ దిశలోనే తొక్కాలి. వేసవిలో మధ్యాహ్నం దాటాక హువాన్ డి ఫూకా జలసంధి మీదుగా పడమటి గాలి బలంగా వీస్తుంది. ఆగ్‌డెన్ పాయింట్ నుంచి తూర్పుగా వెళ్లే పొడవైన భాగంలో ఆ గాలి వెనక నుంచి తోస్తుంది. ఎదురుగాలి తగిలేది క్లోవర్ పాయింట్ నుంచి మైల్ జీరో వరకు, ఒకటిన్నర కిలోమీటరే. చుట్టు కొట్టకుండా వెళ్లిన దారినే తిరిగొస్తే, పిల్లలు అలిసిపోయిన వేళ 3.2 కిలోమీటర్లు గాలికి ఎదురు తొక్కాలి.

మైల్ జీరో దగ్గర పిల్లలకు చెప్పవలసిన కథ ఉంది. ఏడు వేల కిలోమీటర్లకు పైగా పొడవున్న ట్రాన్స్ కెనడా హైవేకు పడమటి కొస ఇదే. అక్కడున్న విగ్రహం టెర్రీ ఫాక్స్‌ది. క్యాన్సర్ వల్ల కుడికాలు పోయిన ఆ యువకుడు పరిశోధనకు నిధుల కోసం 1980లో కృత్రిమ కాలితో దేశం తూర్పు అంచు నుంచి పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక జబ్బు తిరగబెట్టి ఆగిపోయాడు. మరుసటి ఏడాది కన్నుమూశాడు.

రెండోది గాలపింగ్ గూస్ బాట. పాత రైలుమార్గం మీద 1987లో మొదలైన ఈ బాట సుమారు 55 కిలోమీటర్లు. మనకు కావలసింది మొదటి ముక్క మాత్రమే. 2018లో తెరిచిన కొత్త జాన్సన్ స్ట్రీట్ వంతెన దాటి, రెండు కిలోమీటర్లు పోతే సెల్కర్క్ కొయ్య వంతెన వస్తుంది. పొడవు దాదాపు 300 మీటర్లు. ఇన్నర్ హార్బర్ నుంచి రానూపోనూ 6 కిలోమీటర్లు, 45 నిమిషాలు. రైలు నడిచిన దారి కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు, గాలీ తక్కువ. చిక్కల్లా సాయంత్రం 4 నుంచి 6 మధ్య ఆఫీసుల నుంచి వేగంగా ఇళ్లకు వెళ్లే సైకిళ్ల రద్దీ. అటూఇటూ ఊగుతూ తొక్కే చిన్నపిల్లలుంటే మొదటి దారే మేలు. బాట మీద మరమ్మతులు, దారి మళ్లింపులు ఉన్నాయేమో ముందురోజు చూసుకోండి.

మూడోది బుచార్ట్ గార్డెన్స్. 1904లో రూపుదిద్దుకోవడం మొదలైన ప్రసిద్ధ పూలతోట. ఒకవైపే 20 కిలోమీటర్లకు పైగా. గంటకు 8 చొప్పున రానూపోనూ ఐదు గంటలు దాటుతుంది. సైకిల్ మీద వద్దు. తోట చూడాలనుంటే బస్సెక్కండి, ఆ రోజుకు సైకిల్ మాట మరిచిపోండి.

రాత్రి ఎనిమిదికి వచ్చే ఓడైతే?

విక్టోరియాలో సూర్యాస్తమయం జూన్ మూడో వారంలో 9:20 ప్రాంతంలో. జూలై చివరికి 8:50, ఆగస్టు చివరికి 8 గంటలు, సెప్టెంబర్ చివరికి ఏడు లోపే. 8 గంటలకు ఆగిన ఓడ నుంచి 8:45కి దిగుతారు. ఆగస్టు చివరికల్లా అప్పటికే చీకటి, జూన్, జూలైల్లో కూడా వెలుతురు ఎక్కువసేపు మిగలదు. దుకాణాలు మూసి ఉంటాయి. చీకట్లో తొక్కాలంటే ముందు 150 మీటర్ల దూరం నుంచి కనిపించే తెల్లదీపం, వెనక ఎర్రదీపం ఉండాలని చట్టం. తీర్పు సూటిగా చెప్పుకోవచ్చు: సైకిల్ వద్దు. మూడు వేలకు పైగా దీపాలతో వెలిగే పార్లమెంటు భవనం దాకా నడిచి రండి.

తల మీద హెల్మెట్, చేతిలో డబ్బు

బ్రిటిష్ కొలంబియాలో 1996 నుంచి పిల్లలకే కాదు, పెద్దలకూ హెల్మెట్ తప్పనిసరి. లేకపోతే జరిమానా 29 డాలర్లు. మామూలు ఎలక్ట్రిక్ సైకిల్‌కు కనీస వయసు 16. తక్కువ శక్తి ఉన్న తేలిక రకానికి 14. పదేళ్ల కుర్రాడికి అది ఇప్పించాలన్న ఆలోచన పెట్టుకోకండి. సైకిళ్లు రోడ్డుకు కుడివైపు నడవాలి. ప్రత్యేకంగా అనుమతించిన చోట తప్ప ఫుట్‌పాత్ ఎక్కకూడదు.

అద్దెలు దుకాణాన్ని బట్టి మారతాయి. అంచనాకు పెద్ద సైకిల్‌కు 40, పిల్లల సైకిల్‌కు 25, పసివాళ్లను కూర్చోబెట్టి లాగే ట్రెయిలర్‌కు 30 కెనడా డాలర్లు అనుకుందాం. తల్లిదండ్రులకు రెండు, ఎనిమిదేళ్ల పాపకు ఒకటి, మూడేళ్ల బాబుకు ట్రెయిలర్. మొత్తం 135, పన్నులు అదనం. ఓడవారే నడిపే సైకిల్ యాత్ర దీనికన్నా ఖరీదు కావచ్చు. కానీ అది ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ సొంత షికారుకు ఆగదు. ఆ తేడాకే ఎక్కువ డబ్బు.

తాతయ్య, నాయనమ్మలను సైకిల్ ఎక్కించాలని పట్టుబట్టవద్దు. మైల్ జీరో ఆనుకుని ఉన్న బీకన్ హిల్ పార్కులో నీడ, బెంచీలు ఉన్నాయి. పగటివేళ తెరిచి ఉండే పిల్లల జంతుశాలలో మేకపిల్లలు తిరుగుతుంటాయి. వారిని టాక్సీలో అక్కడ దింపి, ఫలానా వేళకు కలుస్తామని చెప్పండి. జూలైలో కూడా ఒడ్డున పగటి వేడి 20 డిగ్రీల చుట్టుపక్కలే, అందరికీ స్వెట్టర్ ఉండాలి. తొక్కేవారి చున్నీ చైనులో పడకుండా నడుముకు చుట్టుకోవాలి.

వెనక్కి తిరగవలసిన వేళ

ప్రణాళికలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె 4:45. మన లెక్క ప్రకారం 3:45కి మొదలైతే, మధ్యలో 20 నిమిషాలు ఆగినా ఆ వేళకు క్లోవర్ పాయింట్‌లో ఉంటారు. 4:45కి ఇంకా మైల్ జీరో దగ్గరే ఉంటే క్లోవర్ పాయింట్‌ను వదిలేసి పార్కు పక్కగా మళ్లండి. మూడు కిలోమీటర్లు తగ్గుతుంది. ఈ వేళను బయలుదేరేముందే పిల్లలకు చెప్పి ఫోన్‌లో అలారం పెట్టండి. దారిలో బేరాలుండవు.

గడువు దాటితే ఏమవుతుంది? ఓడ వెళ్లిపోతుంది, సామానూ దానితోనే పోతుంది. సియాటిల్‌కు ప్రయాణికుల పడవ సుమారు 2 గంటల 45 నిమిషాలు, పోర్ట్ ఏంజెలెస్‌కు ఫెర్రీ 90 నిమిషాలే అయినా అర్ధరాత్రి రెండూ దొరకవు. ఆ రాత్రి హోటల్, మర్నాటి టికెట్లు మీ ఖర్చే. అందుకే పాస్‌పోర్టులు, వీసా పత్రాలు, అవసరమైన మందులు ఓడ గదిలో వదలకుండా వెంట ఉంచుకోండి. మధ్యాహ్నం వచ్చే ఓడైతే సముద్రపు ఒడ్డు చుట్టుకు ఇప్పుడే సైకిళ్లు బుక్ చేయండి. రాత్రి వచ్చే ఓడైతే ఆ డబ్బు మిగుల్చుకుని నడవండి.