మేడ మీద రాలే నల్లదుమ్మును కొలిచేదెలా?

విశాఖ పోర్టు పక్కనున్న పాతనగరం మేడల మీద వేలితో రాస్తే నల్లగా అంటుతుంది. బొగ్గు, ఇనుప ఖనిజం ఎగుమతి దిగుమతుల వల్ల వచ్చే ఈ దుమ్ము మీద ఏళ్ల తరబడి ఫిర్యాదులున్నాయి. గాలి నాణ్యత సూచీ ఫరవాలేదన్న రోజున కూడా దుమ్ము రాలుతూనే ఉంటుంది. ఎందుకు?

దుమ్ములో ఆ సూచీకి ఎక్కేవి 10 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి రేణువులే. ఊపిరితిత్తుల్లోకి దిగేవి అవే కాబట్టి వాటిని కొలవాల్సిందే. కానీ అంతకన్నా ముతక రేణువులను గాలిని కొలిచే యంత్రం లెక్కలోకి రానివ్వదు. అవి బరువుకు దగ్గర్లోనే రాలి, మన బట్టల మీదా నీళ్ల తొట్టెల్లోనూ పడతాయి. 2009 జాతీయ గాలి నాణ్యత ప్రమాణాల్లో 12 కాలుష్య కారకాలకు హద్దులున్నాయి, రాలే దుమ్ముకు లేదు.

కొలవడానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. మూతి వెడల్పుకు కనీసం రెండింతల లోతున్న జాడీ చాలు. లోతు ఎందుకంటే, పడిన దుమ్ము గాలికి మళ్లీ లేచిపోకూడదు. చెట్లూ గోడలూ అడ్డులేని చోట, నేలకు 2 మీటర్ల ఎత్తున నెల్లాళ్లు ఉంచుతారు. తర్వాత ఆకులు, పురుగులు ఏరేసి, నీటితో కడిగి వడపోసి, ఆరబెట్టి తూస్తారు. ఆ బరువును మూతి వైశాల్యంతోనూ రోజులతోనూ భాగిస్తే లెక్క తేలుతుంది.

దక్షిణాఫ్రికా 2013లో నివాస ప్రాంతాలకు చదరపు మీటరుకు రోజుకు 600 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. 15 సెంటీమీటర్ల మూతి జాడీలో 30 రోజులకు అది గ్రాములో మూడో వంతుకు కాస్త తక్కువ. ఏడాదిలో రెండు నెలలు దాటినా సరే, వరుసగా రెండు నెలలు దాటకూడదు.

అసలు చిక్కు, ఆ దుమ్ము ఎవరిదన్నది. రోడ్డు దుమ్మేనని బొగ్గు, ఖనిజం నిల్వ చేసే యార్డువాళ్లు అంటే బరువొక్కటే జవాబు చెప్పలేదు. సముద్రపు ఉప్పు నీళ్లలో కరిగి వడపోతలోనే పోతుంది. మిగిలినదాన్ని కాలిస్తే బొగ్గులో మండేదంతా మండిపోయి, మట్టీ ఖనిజమూ మిగులుతాయి. సూక్ష్మదర్శినిలో బొగ్గు నల్లటి పలుకులుగా, ఇనుప ఖనిజం ఎర్రగా కనిపిస్తాయి. యార్డుకు నాలుగు వైపులా, దూరంగా మరోచోటా జాడీలు పెట్టి గాలివాటుతో పోల్చితే దుమ్ము ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది. ఏ రోజు ఎక్కువ పడిందో మాత్రం జాడీ చెప్పలేదు. అందుకే గాలిని కొలిచే యంత్రాలూ ఉండాలి.

కొలిచే పద్ధతిని భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 5182 మొదటి భాగంలో ఎప్పుడో ఇచ్చేసింది. కాలుష్య నియంత్రణ మండలి ఇక పోర్టు చుట్టూ జాడీలు పెట్టించి, నెలనెలా లెక్కలు వార్డు సచివాలయాల దగ్గర అంటించి, ఇళ్ల మధ్య రాలే దుమ్ముకు ఒక హద్దు రాయాలి.