పిస్టల్ తూటాకు భుజం ఆసరా

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. చెంతనున్న ప్రేమ్ బజార్ నుంచి బయలుదేరి మీరు రైల్వే స్టేషన్ చేరారనుకోండి. తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడిన రైల్వే పట్టణం కాబట్టి, అక్కడ తెలుగు మాటలు వినిపించడం వింతేమీ కాదు. 1072 మీటర్ల పొడవున్న అక్కడి ప్లాట్‌ఫారం ఎంతోకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని మించిపోయాయి.

ఇప్పుడొక ప్రశ్న. ఇంత జనం మధ్య కాపలా కాసే జవాను తుపాకి పేల్చవలసి వస్తే? తుపాకిని కాస్త పైకెత్తి పేల్చితే పిస్టల్ గుండు కూడా కిలోమీటరుకు మించి, అంటే ఈ ప్లాట్‌ఫారం పొడవును దాటి వెళ్ళగలదు. గురి తప్పిన గుండు ఎవరి ప్రాణం మీదికైనా రావచ్చు. పిస్టల్ తూటానే భుజానికి ఆనించి పేల్చే పొట్టి తుపాకిలో వాడితే గురి బాగా కుదురుతుంది. ఇదే పిస్టల్ తూటా కార్బైన్. తూటా మారకుండా గురి ఎలా మెరుగవుతుంది?

గొట్టం పొడవు పెరగడమే కారణమని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. 7.5 గ్రాముల 9 మి.మీ. గుండు పిస్టల్ నుంచి సెకనుకు సుమారు 360 మీటర్ల వేగంతో వెలువడుతుంది. పొడవైన కార్బైన్ గొట్టంలో ఆ వేగం 400 మీటర్ల దాకా పెరగవచ్చు. గతిజశక్తి లెక్కకడితే 486 జౌళ్ళ నుంచి 600 జౌళ్ళకు చేరుతుంది. పిస్టల్ తూటాలోని మందు త్వరగా మండిపోతుంది కనుక, గొట్టాన్ని ఇంకా పొడిగిస్తే రాపిడి పెరుగుతుందే తప్ప లాభం ఉండదు. మన ఇన్సాస్ రైఫిల్ గుండు వేగం సెకనుకు 900 మీటర్లు. కార్బైన్ రైఫిల్‌కు సాటి కాదన్నమాట.

అసలు లాభం మూడు చోట్ల ఉంది. మొదటిది ఆసరా. పిస్టల్‌ను చాచిన చేతులే మోయాలి. కార్బైన్‌ను రెండు చేతులు, భుజం, చెంప కలిసి పట్టి ఉంచుతాయి.

రెండవది బరువు. గుండు ముందుకు పోతే తుపాకి వెనక్కి తన్నుతుంది. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం 0.9 కిలోల పిస్టల్ సెకనుకు 3 మీటర్ల వేగంతో వెనక్కి వస్తే, 2.7 కిలోల కార్బైన్ 1.1 మీటర్ల వేగంతోనే వస్తుంది (మందు వాయువుల ప్రభావాన్ని వదిలేశాం).

మూడవది గురి చూసే గుర్తుల మధ్య దూరం. పిస్టల్‌లో ఆ దూరం 16 సెం.మీ. అనుకుందాం. ముందు గుర్తు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 25 మీటర్ల దూరంలో గుండు దాదాపు 16 సెం.మీ. తప్పుతుంది. కార్బైన్‌లో ఆ దూరం 40 సెం.మీ. అయితే తప్పు 6 సెం.మీ. మాత్రమే. సరూప త్రిభుజాలు గీసి మీరే సరిచూసుకోండి.

మన దేశంలో ఎక్కువగా వాడిన 9 మి.మీ. కార్బైన్ 1ఎ1, బ్రిటిష్ స్టెర్లింగ్ నమూనా ప్రకారం కాన్పూరులో తయారైంది. ఎడమవైపు పొడుచుకొచ్చిన మ్యాగజైన్ దాని ఆనవాలు. దాని మడమను మడిస్తే పొడవు 48 సెం.మీ., తెరిస్తే 69 సెం.మీ. వాహనంలో ఇమడాలన్నా, భుజానికి ఆనాలన్నా ఒకే తుపాకి సరిపోతుంది. ఒక లోపమూ ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే వెనుకనున్న బరువైన బోల్ట్ ముందుకు దూసుకొచ్చి ఢీకొంటుంది. గుండు పేలకముందే గురి కాస్త కదులుతుంది.

అదే 9 మి.మీ. తూటాతో కొత్తగా వచ్చినది 'అస్మి'. పుణేలోని డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల, మౌ పదాతి దళ పాఠశాల కలిసి నాలుగు నెలల్లో దీన్ని రూపొందించినట్లు 2021 జనవరిలో ప్రకటించారు. పైభాగం విమానాలకు వాడే రకం అల్యూమినియం, కిందిభాగం కార్బన్ ఫైబర్. గొట్టం పొడవు 8 అంగుళాలు. హైదరాబాద్‌లోని లోకేష్ మెషీన్స్ దీన్ని తయారుచేస్తోంది. 2024లో సైన్యపు ఉత్తర కమాండ్ 550 తీసుకుంది.

కార్బైన్ ఎంత మంచిదైనా అందరి ఒడ్డూ పొడుగూ ఒకటి కాదు. మడమ మరీ పొడవైతే పొట్టి చేతుల కానిస్టేబుల్ మెడ చాచి గురి చూడాలి. మరీ పొట్టిదైతే పొడగరి మోచేయి ఇరుకున పడుతుంది. అందుకే నేటి కార్బైన్లు చాలావాటిలో మడమ పొడవును సర్దుకోవచ్చు.

9 మి.మీ. తూటా మన దేశంలో పౌరులకు నిషిద్ధం. కానీ ఈ సూత్రాలను షూటింగ్ శిక్షణ కేంద్రంలో, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మీరు స్వయంగా తెలుసుకోవచ్చు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఆ పోటీలోనే. అక్కడ కోచ్ ముందుగా చూసేది మీ గురిని కాదు, రైఫిల్ మడమ మీ భుజానికి సరిగా ఆనిందో లేదో.