రాత్రికి 33 రూపాయలు

పోయిన సంక్రాంతికి ముందు మా ఆయన పనిచేసే రైస్ మిల్లులో ఒక హమాలీ పెద్దాయన పని మానుకున్నాడు. మానుకున్నాడనేది మర్యాద మాట. నడుం పోయింది, బస్తా ఎత్తలేకపోయినాడు. పాతికేళ్లు మిల్లు వెనకాల రేకుల కొట్టంలోనే ఉండె. పని ఉంటేనే కొట్టం. ఆదోని పక్క పల్లెలో ఉన్న ఒక్క అన్న కూడా పోయినాడు. ఇప్పుడు మన సిరుగుప్ప బస్టాండులో పండుకుంటాండాడు. ఒక గోనెసంచి కింద, ఒకటి పైన.

"చలి లేదా పెద్దాయనా?" అని అడిగితిని.

"చలిదేముందమ్మా, దోమలే నిద్రపోనియ్యవు. నడిరేతిరి ఎవరో ఒకరు వచ్చి లేపుతారు. మళ్లీ యాడికి పోవాల?" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. మూడేళ్ల కింద మా ఆయన కాలు విరిగితే బళ్లారిలో పెద్దాసుపత్రిలో చేర్చినాము. పదకొండు రోజులు. ఆయనకు మంచం ఇచ్చిరి, నాకేమిస్తారు? వరండాలో చాప పరిచితే రాత్రి పదికి లేపి బయటికి పంపిరి. గేటు కాడ చెట్టు కింద, చెప్పులు తల కింద పెట్టుకుని పండుకుంటిని. బాత్‌రూముకు పోవాలంటే తెల్లారేదాకా ఆపుకోవడమే. ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. నాకు సిరుగుప్పలో ఇల్లుంది, అయినా ఆ పదకొండు రాత్రులు నేను ఇల్లు లేని మనిషినే.

మా చెల్లెలి కొడుకు హైదరాబాదులో ఉంటాడు. అక్కడ సర్కారు ఆసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లు పండుకోవడానికి కార్పొరేషనే షెల్టర్లు పెట్టిందని చెప్పినాడు. అది దయతో ఇచ్చేది కాదంట, కోర్టు మాట ఉందంట. అప్పట్నుంచి నేను తెలిసినవాళ్లను అడిగి, కాగితాలు చదివించుకుని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

2009 డిసెంబరులో, గడ్డకట్టే చలిలో, ఢిల్లీలో పూసా రోడ్డు దగ్గర ఇల్లు లేనివాళ్ల తాత్కాలిక ఆశ్రయాన్ని అక్కడి కార్పొరేషన్ కూల్చేసింది. ఆ సంగతి సుప్రీంకోర్టుకు చేరింది. 2010లో కోర్టు పెద్ద నగరాలకు లెక్క చెప్పింది: లక్ష జనాభాకు ఒక ఆశ్రయం, ఏడాది పొడుగునా, రాత్రింబవళ్లు తెరిచి ఉండాలి. తర్వాత 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దానికి డబ్బు దారి చూపింది. లక్ష మందికి నూరు మందికి సరిపడా చోటు, మనిషికి యాభై చదరపు అడుగులు, నీళ్లు, మరుగుదొడ్డి, వంటగది, ఉతికిన దుప్పట్లు. దోమల నివారణ కూడా నిబంధనల్లో రాసి ఉంది! పెద్దాయనకు చెబితే నవ్వినాడు.

యాభై మంది ఉండే ఆశ్రయం నడపడానికి ఆ పథకం కట్టిన లెక్క ఏడాదికి 6 లక్షలు. మనిషికి నెలకు వెయ్యి, రాత్రికి 33 రూపాయలు లోపే. మన ఊరి జనాభా యాభై వేలు దాటింది. అదే లెక్కన మనకు కావలసింది యాభై మందికి ఒక్క ఇల్లు. ధరలు అప్పటివి, ఇప్పుడు పెరిగుంటాయి, ఒప్పుకుంటాను. అయినా మన మిల్లుల్నుంచి పోయే సోనా మసూరి ఒక పెద్ద లారీ లోడు ఖరీదు చూసుకోండి.

చిక్కు ఎక్కడంటే, ఆ మిషన్ గడువు 2024లో తీరిపోయింది. ఎప్పుడూ కేంద్రం డబ్బు వస్తేనే చేస్తామంటే కుదరదు. మున్సిపాలిటీ తన బడ్జెట్‌లో ఒక పద్దు రాసుకోవాల. "రోడ్లకే లేదు, దీనికి ఎక్కణ్ణుంచి తెస్తాము" అనేవాళ్లుంటారు. మా వీధిలోనే ఒకక్క, "అట్లాంటిది కడితే తాగుబోతులంతా చేరుతారు" అనింది. చేరొచ్చు. వాళ్లు ఇప్పుడు కూడా బస్టాండులోనే ఉన్నారు కదక్కా, కాపలా మనిషి లేకుండా.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగినప్పుడు మన తాలూకాలో ఎన్ని కుటుంబాలు బడుల్లో పండుకున్నాయో గుర్తుందా? గంజి కేంద్రాలు తెరిచిరి. అప్పుడు పద్దు ఏదని ఎవరూ అడగలే. ఏట్లో ఇల్లు కొట్టుకుపోతే అందరికీ కనబడుతుంది. నడుం పోయి చోటు పోతే కనబడదు, అంతే తేడా. కోతల కాలంలో బయటూళ్ల నుంచి వచ్చే హమాలీలు, పిల్లలతో వచ్చే ఆడకూలీలు కళ్లాల మీద, లారీల కింద పండుకునేది మనం రోజూ చూసేదే.

బడ్జెట్ రాసేముందు మున్సిపాలిటీవాళ్లు ఊరివాళ్ల సలహాలు అడిగే సభ పెడతారు. మన ఇండ్ల నుంచి ఎవరూ పోము, పని పోతుందని. ఈసారి నేను అర్జీ రాయించినాను, కన్నడలో. మొదటి సంతకం నాది, రెండోది మా ఆయనది. పెద్దాయన వేలిముద్ర వేస్తానన్నాడు గానీ, అర్జీలో చిరునామా రాయాల్సిన చోట ఏం రాయాల అని అడిగినాడు. సిరుగుప్ప బస్టాండు అనే రాయించినాను. ఇంకా సంతకాలు కావాల, మిల్లు గేటు కాడ టీ కొట్టులో పెట్టినాను.