పెళ్ళి విందులో ఆటవిడుపు

పెళ్ళి విందుకు వచ్చిన అతిథి భోజనానికి ముందు చేసే ముఖ్యమైన పని వరుసలో నిలబడడం. మేము వృత్తిరీత్యా ఇంజనీర్లము కనుక దీనిని ఒకసారి లెక్కగట్టి చూచాము. అతిథులు 400 మంది అనుకొందాము. ఒక్కొక్కరు వేదిక నెక్కి, అక్షింతలు వేసి, కానుక అందించి, ఫొటో తీయించుకొని దిగిరావడానికి సగటున అర నిమిషం. మొత్తం 200 నిమిషాలు, అనగా 3 గంటల 20 నిమిషాలు. విందు సమయం రాత్రి 7 నుండి 10 గంటల వరకు, 180 నిమిషాలు మాత్రమే. జంషెడ్‌పూర్ వంటి కర్మాగార నగరంలో ఈ చిక్కు మరింత హెచ్చు. రాత్రి 10 గంటలకు 'సి' షిఫ్టుకు హాజరు కావలసినవారు తొమ్మిదిన్నరకే లేవాలి. అదే సమయానికి 'బి' షిఫ్టు ముగిసినవారు పదిన్నరకు గాని రాలేరు. వచ్చినవారు సైతం తమకు తెలిసిన నలుగురి ప్రక్కన చేరి, గడియారం చూచుకొంటూ కూర్చొంటారు. వధువు తరఫువారెవరో, వరుని తరఫువారెవరో తెలియకుండానే విందు ముగుస్తుంది.

ఈ నగరంలో అతిథులందరిదీ ఒకే భాష కాదు. 1907లో ఉక్కు సంస్థ ఏర్పడి, 1912లో ఇక్కడ తొలి ఉక్కు తయారైన నాటి నుండి దేశం నలుమూలల వారూ సాక్చి గ్రామానికి తరలివచ్చారు. 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయినది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన తెలుగువారు బిష్టుపూర్‌లో శ్రీరామ మందిరం నిర్మించుకొన్నారు. నేడు తెలుగువారి ఇంట పెళ్ళి విందుకు బెంగాలీలు, ఒడియావారు, పంజాబీలు, గుజరాతీలు, సంతాలులు కూడ వస్తారు. మన పిల్లలలో పలువురు తెలుగు మాటలాడగలరు గాని చదువలేరు. వీరందరినీ ఒక గంటసేపు కలిపి కూర్చోబెట్టగలిగినవి ఆటలేనని మా అభిప్రాయం.

పాత ఆటల పరమార్థం

మన పెద్దలకు ఈ విషయం చక్కగా తెలుసును. పెళ్ళికి ముందు వధూవరులు ఒకరినొకరు ఎరుగని రోజులలో వారి బిడియం పోగొట్టడానికి ఏర్పడినవే పెళ్ళి ఆటలు. తలంబ్రాలు పోటీ పడి పోసుకోవడంలోను, పూబంతులాటలోను ఈ ఉద్దేశమే కనబడుతుంది. ఇరుకు మూతి గల బిందెలో నీరు పోసి, ఉంగరం వేసి, ఇద్దరి చేతా ఒకేసారి వెతికిస్తారు. బిందెలో చేతులు తగలక తప్పదు, నవ్వు రాక తప్పదు. గడప దాటనివ్వకుండా ఆడపడుచులు అడ్డగించి పేర్లు చెప్పించడం మరొకటి. భర్త పేరు పలకకూడదనే ఆనాటి కట్టుబాటును ఆ ఒక్క నిమిషం సడలించే వేడుక అది.

మన ఇరుగుపొరుగు వారిలోనూ ఇటువంటి ఆటలున్నాయి. గుజరాతీలు పాలు, కుంకుమ కలిపిన నీటి పళ్ళెంలో ఉంగరం వెతికిస్తారు. ఏడుమార్లలో నాలుగుమార్లు దొరికించుకొన్నవారిదే గెలుపు. దానిని వారు 'ఏకీ బేకీ' అంటారు. బెంగాలీలు, ఒడియావారు నవదంపతుల చేత గవ్వలాట ఆడిస్తారు. హిందీ ప్రాంతాలలో మరదళ్ళు వరుని చెప్పులు దాచి సొమ్ము అడుగుతారు. కనుక బిందెలో ఉంగరం ఆటను ఉదయం ఇంటివారి మధ్యనే ముగించక, సాయంత్రం వేదికపై మరల ఆడించినట్లయితే ఏ భాషవారికీ పెద్దగా వివరించి చెప్పనక్కరలేదు.

నాలుగు ఆటలు

ముందుగా వరుస సంగతి. అతిథులను ఒక్కొక్కరిగా గాక కుటుంబాలుగా పిలవండి. నలుగురేసి చొప్పున 100 కుటుంబాలు, ఒక్కొక్కదానికి ముప్పావు నిమిషం. 75 నిమిషాలలో పూర్తి అవుతుంది. మిగిలిన సమయం ఆటలకు, భోజనాలకు దక్కుతుంది. షిఫ్టుకు వెళ్ళవలసినవారిని ముందుగా పిలవడం మరువకండి.

మొదటిది జంట చీటీలు. ప్రవేశద్వారం వద్ద ప్రతి అతిథికీ ఒక చీటీ ఇవ్వాలి. ఒకరి చీటీలో సువర్ణరేఖ ఉంటే వేరొకరి దానిలో ఆ నదిలో కలిసే ఖర్కాయ్ ఉంటుంది. ఇనుప ఖనిజానికి బొగ్గు, తాళానికి చెవి, సూదికి దారం జంట. చదువురాని వారి కోసం, వేరు భాషలవారి కోసం చీటీపై బొమ్మ వేయించాలి. వధువు తరఫువారికి ఒక సగం, వరుని తరఫువారికి రెండవ సగం ఇస్తే వియ్యాలవారు తామే వెతుక్కొని పరిచయం చేసుకొంటారు. జంట దొరికినవారు ఒకే బల్ల వద్ద భోజనం చేయాలన్నది నియమం.

రెండవది తంబోలా. టిక్కెట్టులో 3 అడ్డు వరుసలు, 9 నిలువు వరుసలు, వాటిలో 15 అంకెలు ఉంటాయి. 1 నుండి 90 వరకు ఉన్న అంకెలను పది సెకన్లకు ఒకటిగా పిలిచినా 15 నిమిషాలకు మించదు. వృద్ధులు కూర్చున్న చోటనే ఆడవచ్చును. అంకెలు పిలిచే పని పిల్లలకు అప్పగించి, ఒకరి చేత తెలుగులో, ఒకరి చేత హిందీలో, ఒకరి చేత బెంగాలీలో చెప్పించండి. నలభై రెండు అంటే ఎంతో తెలియని మన మనుమలు టిక్కెట్టు కొట్టివేసే తొందరలో నేర్చుకొంటారు. టిక్కెట్టుకు రుసుము వద్దు; బహుమతిగా ఒక సున్నుండల డబ్బా చాలును.

మూడవది బహుభాషా అంత్యాక్షరి. ఇందులో ఒక చిక్కున్నది. తెలుగు మాటలు అధికంగా 'ను', 'ము', 'లు'లతో ముగుస్తాయి. హిందీ మాటలు పెక్కు హల్లులతో ముగుస్తాయి. అందుచేత చివరి అక్షరంలోని హల్లును మాత్రమే లెక్కించి, దానికి ఏ అచ్చు చేర్చినా అంగీకరించాలి. ఏ భాష పాటైనా చెల్లుతుంది. ఒక్కొక్క జట్టులోను కనీసం మూడు భాషలవారు ఉండేటట్లు చూడాలి.

నాలుగవది ఇంతకుముందు చెప్పిన ఉంగరాల ఆట. కుటుంబాల వరుస సగం పూర్తయిన తరువాత పది నిమిషాలు విరామమిచ్చి ఆడిస్తే, అప్పటిదాకా నిలబడి ఉన్న వధూవరులకు కూర్చొనే అవకాశమూ కలుగుతుంది.

కొన్ని జాగ్రత్తలు

కొన్నేళ్ళ క్రిందట మేము హాజరైన ఒక విందులో, మైకు పట్టుకొన్న యువకుడు వధువును వంట గురించి, పుట్టింటి గురించి వరుసగా ప్రశ్నలు వేయసాగాడు. సభలో నవ్వులు వినబడుతున్నాయి. ఆ అమ్మాయి సమాధానం చెప్పలేక తల వంచుకొన్నది. వరుని తాతగారు లేచి వేదిక నెక్కి, "ఇకపై ప్రశ్నలు నన్నడుగు నాయనా, మా ఇంటి సంగతులు ఆమెకింకా తెలియవు" అన్నారు. అప్పుడు గాని ఆ ఆట ఆగలేదు. ఆ అమ్మాయి తలెత్తడానికి మరికొంతసేపు పట్టినది.

క్రొత్త ఇంటిలో అడుగుపెట్టే వధువుకు ఆ సాయంత్రపు అనుభవం చిరకాలం గుర్తుంటుంది. కనుక ఆటలు నిర్ణయించే ముందు వధూవరుల అంగీకారం తీసుకోండి. ఇష్టం లేనివారిచేత నాట్యం చేయించకండి. కానుకల ప్రసక్తి, కట్నాల ప్రసక్తి, రూపురేఖల ప్రసక్తి హాస్యానికైనా తేవద్దు. వియ్యపురాళ్ళు ఎకసక్కెపు పాటలు పాడుకొన్న రోజులలో ఒకరంటే మరొకరు బదులు చెప్పేవారు. వేదికపై ఒంటరిగా నిలబడిన వధువుకు ఆ వీలు లేదు. మైకు ధ్వనిని, ప్రక్కవారి మాట వినబడేటంత వరకే ఉంచండి.

ఈ ఏర్పాట్లకు కావలసినవి ఒక బిందె, కొన్ని చీటీలు, తంబోలా టిక్కెట్లు, ఓపిక గల ఇద్దరు ముగ్గురు బంధువులు. ఈ పెళ్ళిళ్ళ ఋతువులో మన ఉద్యోగుల ఇండ్లలో జరిగే శుభకార్యాలలో వీటిని ప్రయత్నించి చూడవలసినదిగా కోరుతున్నాము. చీటీల మీద బొమ్మలు వేసే పని ముందురోజే ఇంటిలోని పిల్లలకు అప్పగించండి. జంటలు వారే కల్పిస్తారు.