నిలిచియున్న బండి, మేల్కొనియున్న యంత్రము

చాట్రాయి, నూజివీడు ప్రాంతములలో మామిడి కాపు ముగిసిన పిదప కాయలు మోసిన బండి నెలల తరబడి కొట్టము క్రింద నిలిచిపోవుట కద్దు. మరల బంగినపల్లి కోతకు వచ్చిన నాడు తాళము త్రిప్పిన అది పలుకదు. ఇంజనులో లోపమేమియు లేదు, బ్యాటరీ దిగిపోయినది. కాయ కోసి గంపల కెత్తిన పిమ్మట ఒక్క పూట ఆలస్యమైనను రైతునకు నష్టమే గదా!

నేటి బండ్లలో చిన్న కంప్యూటర్లు అనేకము గలవు. గడియారము, దొంగల జాడ పసికట్టు అలారము, తాళపుచెవి పిలుపునకు చెవియొగ్గు సాధనము, ఇవి బండి నిలిచియున్నను మేల్కొనియే యుండును. రాత్రి కట్టివేయుట మరచిన బ్యాటరీ రేడియో వంటిదే యిదియు. లెక్క చూతము. 50 మిల్లీ ఆంపియర్ల చొప్పున 30 దినములకు 36 ఆంపియర్-గంటలు ఖర్చగును. 45 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇక మిగులునది స్వల్పము.

ఈ చిక్కు కర్మాగారములకును గలదు. పెనుకొండ చెంత కియా కర్మాగారమున 2019లో కార్ల తయారీ ఆరంభమైనది. ఇట్టి చోట్లనుండి వెడలిన బండి రైలుపైననో, లారీపైననో, ఓడలోనో పోయి, కొనువాడు వచ్చువరకు వేచియుండవలెను. అందుచే అనేక కంపెనీలు బండికి వేరువేరు స్థితులు కల్పించుచున్నవి. తయారీ స్థితిలో భాగములను పరీక్షింతురు. రవాణా స్థితిలో అత్యవసరము కాని వానిని నిద్రపుచ్చుదురు. షోరూములో కొనువాని కప్పగించుటకు ముందు వాడుక స్థితికి మార్చుదురు. హ్యుందాయ్, కియా బండ్లు పెక్కింట ఫ్యూజుల పెట్టెలో ఇందులకై చిన్న మీట యుండును. నెలకు మించి బండిని నిలుపునపుడు దానిని ఆపవచ్చును. అటుపై రేడియోను, గడియారమును మరల సరిచేసికొనవలసి యుండును.

సాఫ్ట్‌వేర్ మార్చునపుడు మరింత జాగ్రత్త అవసరము. పాత సూచనలు చెరిపి కొత్తవి వ్రాయు నడుమ విద్యుత్తు సన్నగిల్లినచో పాతది పోయి, కొత్తది పూర్తికాక, ఆ భాగము మూగవోవచ్చును. కావున మెకానిక్కు బయటినుండి నిలకడగల విద్యుత్తు నిచ్చు సాధనమును తగిలించి, దీపములు, ఏ.సి. ఆపి, పని ముగియువరకు తాళము ముట్టడు.

తోటల రైతులకు మేము చెప్పదలచినది ఇంతే. బండిని మూలకు చేర్చుటకు ముందు దానితో వచ్చిన పుస్తకమును చూడుడు. మీట యున్నదేమో షోరూమువారి నడుగుడు. లేనిచో అప్పుడప్పుడు బండిని కొంతదూరము నడపుడు. కోతకు వారము ముందు బ్యాటరీని కొలిపించుడు. నిండుగా నున్న బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు దిగినచో దానిని నమ్మి కాయ కోయరాదు.