గోదారి వంతెనలు – ఇరవై నిమిషాల షాటు!

సినిమాలో హీరో హీరోయిన్లు తడుస్తుంటే ప్రతి చినుకూ ముత్యంలా మెరుస్తుంది. అదే వానను మనం ఫోటో తీస్తే చినుకు జాడే ఉండదు! ఎందుకంటారా? కెమెరామన్ వానకు వెనక నుంచి లైటు కొడతాడు. రహస్యమల్లా అదే!

ముసురు పట్టిందంటే నేను కెమెరాతో రాజమండ్రి బస్సెక్కుతాను. మా రంపచోడవరంలో పొద్దు తొందరగా కొండ చాటుకి వెళ్లిపోతుంది. పుష్కర ఘాట్‌లో అలా కాదు. గోదారి అవతల, కొవ్వూరు వైపు గుంకుతుంది. ఆ తర్వాత మబ్బులు నీలంగా మారే ఇరవై నిమిషాలే మన షాటు!

అక్కడ రెండు రైలు వంతెనలు పక్కపక్కనే కనిపిస్తాయి. పాతది హేవలాక్ వంతెన. దాదాపు వందేళ్లు రైళ్లను మోసి 1997లో రిటైరైంది. కొత్తది విల్లుల్లాంటి కమానులది. రైలు వచ్చేవేళ కెమెరాను స్టాండు మీద పెట్టి, షట్టరు నాలుగు సెకండ్లు తెరిచి ఉంచండి. కిటికీ దీపాలన్నీ కలిసి బంగారు గీతవుతాయి!

హేవలాక్ మీద ఇప్పుడు రైలూ లేదు, కిటికీ దీపాలూ లేవు. వెనక ఆకాశంలో వెలుగున్నంతసేపే దాని నల్లని రూపం తేటగా కనిపిస్తుంది. ఇద్దరు హీరోలూ ఒకే ఫ్రేములో కావాలంటే మునిమాపువేళే గతి!

చినుకులు కూడా కావాలా? వీధి దీపం వాన వెనక ఉండేలా నిలబడి, షట్టరు వేగం పెంచండి. గొడుగు ముందు కెమెరాకి, తర్వాతే మనకి! గోదారి పొంగితే మాత్రం రేవు మెట్లు దిగకండేం. ఫోటో ఇంటికి చేరితేనే కదా పదిమందికీ చూపించేది!