సాక్షి ఎక్కడ నిలబడ్డాడు? – మార్క్ బ్లాక్ కాగితాలు

ఫ్రెంచి చరిత్రాచార్యుడు మార్క్ బ్లాక్ (1886–1944) రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సైనికుడు. కందకాల్లో చూసినదాన్ని 1915లోనే, జ్ఞాపకం మసకబారకముందే రాసుకున్నాడు. 1940లో ఫ్రాన్సు ఓడిన కొద్ది నెలల్లోనే ఆ ఓటమికి కారణాలు రాశాడు. దాచి ఉంచిన ఆ ప్రతి 1946లో అచ్చయింది. అప్పటికి ఆయన లేడు. ప్రతిఘటనోద్యమంలో పనిచేసినందుకు 1944 జూన్ 16న నాజీలు కాల్చిచంపారు.

ఈ కాగితాల విలువ వీరగాథలో లేదు. ఓటమిని విశ్లేషించే ముందు ఆయన తన్ను తాను సాక్షిగా పరిచయం చేసుకుంటాడు: సైన్యానికి పెట్రోలు సరఫరా చూసిన కెప్టెన్. ఎక్కడ నిలబడి చూశాడో చెప్పాకే ఏం చూశాడో చెబుతాడు. 1921 నాటి వ్యాసంలో యుద్ధకాలపు పుకార్లను పరిశీలించాడు. సెన్సారు వల్ల అచ్చుమాట మీద నమ్మకం పోతే నోటిమాట రాజ్యమేలుతుంది. జనం మనసులో ముందే ఉన్న భావాలే పుకారుకు రూపమిస్తాయి. కనుక పుకారు అబద్ధమే అయినా, ఆ మనసుకు అది సాక్ష్యం.

గోదావరిఖని రచయితకు ఇది పనికొచ్చే పాఠం. గనిలో కప్పు కూలినప్పుడు నివేదిక ఒకటి చెప్పవచ్చు, షిఫ్టు ముగించుకుని పైకొచ్చిన కార్మికుడు మరొకటి చెప్పవచ్చు. రెండింటినీ తేదీతో, చెప్పినవాడు చేసే పనితో సహా రాసి భద్రపరచాలి. కార్మికుడి మాటను అలంకారంగా వాడుకుని ఆ కాగితాన్ని పారేస్తే కథ మిగలవచ్చు, సాక్ష్యం మాత్రం మిగలదు.